ఎన్ఎఫ్ఎల్ గాయాల జాబితాలు ఎలా చదవాలి: పేరు పక్కన క్యూ నుంచి ఐఆర్ దాకా

సెప్టెంబరు వస్తే చాలు, డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం చేస్తున్న మనవాళ్లలో చాలామందికి ఒక పిలుపు వస్తుంది, ఆఫీసు ఫ్యాంటసీ లీగ్‌లో ఒక మనిషి తక్కువయ్యారు, నువ్వూ చేరు అని. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లోని నిజమైన ఆటగాళ్లని ఎంచుకుని మనమొక టీము కట్టుకోవాలి, వాళ్లు మ్యాచ్‌లో ఆడినదాన్ని బట్టి మనకి పాయింట్లొస్తాయి. సరేనని చేరతాం. క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లకి డౌన్లు (బంతిని ముందుకు తీసుకెళ్లే ఒక్కో ప్రయత్నం), యార్డులు రెండు మూడు వారాల్లో పట్టుబడతాయి, ఆట అంత కష్టమేం కాదు. ఇరుక్కునేదల్లా ఆటగాడి పేరు పక్కన కనపడే ఆ చిన్న ఎర్ర అక్షరాల దగ్గర. ఒకరికి క్యూ (క్వశ్చనబుల్) అని ఉంటుంది, ఇంకొకరికి ఓ (అవుట్), మరొకరికి ఐఆర్, ఆగస్టులో అయితే పీయూపీ. వీటి మధ్య తేడా తెలియకపోతే ఆడని మనిషిని ఆటలో పెట్టి కూర్చుంటాం, లేదంటే నెలలో తిరిగొచ్చే మనిషిని అనవసరంగా వదిలేసుకుంటాం.

నాకు ఇది గట్టిగా తగిలింది 2024 సెప్టెంబరు 9, సోమవారం సాయంత్రం. శాన్‌ఫ్రాన్సిస్కో 49ఎర్స్ రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాడు) క్రిస్టియన్ మెకాఫ్రీ ఆ ఏడాది చాలా లీగ్‌లలో అందరికంటే ముందు ఎంపికైన ఆటగాడు, మా లీగ్‌లో నా దగ్గర ఉన్నాడు. పిక్క, మడమ దగ్గర నొప్పి అని ఆ వారమంతా రిపోర్టులో పేరు వచ్చింది, ప్రాక్టీస్ ‘లిమిటెడ్’, చివరికి ‘క్వశ్చనబుల్’. ఆడతాడులే అనుకున్నాను. పాపని డాన్స్ క్లాసులో దింపి కార్లో కూర్చుని ఫోన్ తీస్తే, ఆట మొదలవడానికి గంటన్నర ముందు వచ్చే ఇనాక్టివ్ జాబితాలో, అంటే ఆ మ్యాచ్ ఆడనివాళ్ల జాబితాలో, అతని పేరు ఉంది. నా బెంచీలో ఉన్నవాళ్లందరి మ్యాచ్‌లూ ఆదివారమే అయిపోయాయి, మార్చుకోవడానికి ఒక్కరు లేరు. మెకాఫ్రీ బదులు దిగిన జోర్డాన్ మేసన్ ఆ రాత్రి 28 సార్లు బంతి పట్టుకుని 147 యార్డులు పరిగెత్తాడు. అతన్ని మా లీగ్‌లో ఇంకొకాయన ముందే తీసుకుని పెట్టుకున్నాడు, ఎందుకంటే ఆయనకి రిపోర్టు చదవడం తెలుసు.

ఆ వారం నుంచి కూర్చుని నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఫ్యాంటసీ ఆడకపోయినా, ఊరికే మ్యాచ్ చూసేవాళ్లకీ పనికొస్తుంది.

మొదట రెండు కాగితాల్ని విడదీసుకోండి

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. గాయాల జాబితా అని మనం ఒకే మాట అంటాం గానీ అవి రెండు వేరువేరు సంగతులు. ఒకటి వారం వారం వచ్చే ఇంజూరీ రిపోర్ట్. ఈ ఆదివారం ఇతను ఆడతాడా అన్న ఒక్క ప్రశ్నకే అది జవాబు చెబుతుంది. రెండోది రిజర్వ్ జాబితాలు, అంటే ఐఆర్ (ఇంజూర్డ్ రిజర్వ్), పీయూపీ (ఫిజికల్లీ అనేబుల్ టు పర్ఫామ్), ఎన్ఎఫ్ఐ (నాన్ ఫుట్‌బాల్ ఇంజూరీ). టీమ్ లెక్కలో ఈ మనిషి చోటు ఎక్కడుంది, కనీసం ఎన్ని మ్యాచ్‌ల దాకా తిరిగి రాకూడదు అన్నది ఇవి చెబుతాయి.

చోటు అంటున్నాను కదా, ఆ అంకె గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. లీగ్‌లో 32 టీములు, ఒక్కో టీముకి సీజన్‌లో 53 మంది. ఇంకో 16 మంది ప్రాక్టీస్ స్క్వాడ్‌లో ఉంటారు, అవసరమైతే మ్యాచ్‌కి ఇద్దరిని పైకి తెచ్చుకోవచ్చు. మ్యాచ్ రోజున జెర్సీ వేసుకుని దిగగలిగేది మాత్రం ఎక్కువలో ఎక్కువ 48 మంది. 18 వారాల్లో 17 మ్యాచ్‌లు, ఒళ్లు ఒళ్లు ఢీకొట్టే ఆట, దెబ్బ తగలనివాళ్లుండరు. కాబట్టి 53లో ప్రతి చోటూ బంగారమే. దెబ్బ తగిలిన మనిషిని ఆ 53లోనే ఉంచుకుంటే ఒక ఆరోగ్యంగా ఉన్నవాడికి చోటు పోయినట్టు. ఐఆర్‌లో పెడితే చోటు ఖాళీ అవుతుంది గానీ కొన్ని వారాలు అతన్ని ముట్టుకోలేరు.

కోచ్ మైకు ముందు ఏం చెప్పినా సరే, టీమ్ ఆ చోటుని ఏం చేసిందో చూడండి. అదే నిజం చెబుతుంది. నేను ఇన్నాళ్లుగా చూసినదాంట్లో దీనికన్నా పనికొచ్చే సూత్రం ఇంకోటి కనపడలేదు.

బుధ, గురు, శుక్రవారాలు: ప్రాక్టీస్ రిపోర్ట్ చదవండి

ఆదివారం మ్యాచ్ ఉన్న టీము బుధ, గురు, శుక్రవారాల్లో ఎవరు ప్రాక్టీస్ చేశారో, ఎవరు చెయ్యలేదో రాసి బయటపెట్టాలి. సోమవారం రాత్రి మ్యాచ్ అయితే ఇది గురు, శుక్ర, శనివారాలకి జరుగుతుంది. గురువారం మ్యాచ్ అయితే సోమ, మంగళ, బుధ. ప్రతి పేరు పక్కన శరీరంలో ఏ భాగమో ఒక మాట, ప్రాక్టీస్ సంగతి ఒక మాట ఉంటాయి.

డీఎన్‌పీ అంటే ఆ రోజు అసలు ప్రాక్టీస్ చెయ్యలేదు. ఎల్‌పీ, అంటే లిమిటెడ్, తను మామూలుగా చేసే దానికన్నా తక్కువ చేశాడు. ఎఫ్‌పీ అంటే పూర్తిగా చేశాడు. ఇందులో లిమిటెడ్ అనే మాట చాలా వెడల్పైంది. పదికి తొమ్మిది వంతులు చేసినవాడూ లిమిటెడే, పక్కన నాలుగు అడుగులు పరిగెత్తి ఐస్ పెట్టుకుని కూర్చున్నవాడూ లిమిటెడే. అందుకే ఒక రోజు రిపోర్టు చూసి నిర్ణయం తీసుకోకండి, మూడు రోజులూ వరసగా పెట్టుకుని ఎటు నడుస్తోందో చూడండి. డీఎన్‌పీ, లిమిటెడ్, ఫుల్ అని పైకి ఎక్కుతుంటే దాదాపు నిశ్చింత. ఫుల్, లిమిటెడ్, డీఎన్‌పీ అని కిందికి జారుతుంటే మాత్రం వారం మధ్యలో ఏదో జరిగింది, తొడ వెనక కండరం పట్టేసిందో, పాత నొప్పి తిరగబెట్టిందో. బుధవారం పేరే లేకుండా గురువారం కొత్తగా కనపడిన పేరు మీద నాకు అందరికన్నా ఎక్కువ అనుమానం. మూడింట్లో శుక్రవారానిది బరువైన మాట. శుక్రవారం కూడా గ్రౌండ్‌లోకి రాని మనిషి ఆదివారం ఆడటం అరుదు.

బుధవారం డీఎన్‌పీ చూసి మాత్రం కంగారు పడొద్దు. ముప్పై దాటిన పెద్ద ఆటగాళ్లకి చాలా టీములు బుధవారం విశ్రాంతి ఇస్తాయి, అలాంటప్పుడు పక్కన గాయానికి సంబంధం లేదు, విశ్రాంతి అని రాసి ఉంటుంది. ఆ ముక్క చదవకుండా ఉట్టి డీఎన్‌పీ అన్న మూడు అక్షరాలు చూసి గుండెలు బాదుకునేవాళ్లు ప్రతి లీగ్‌లోనూ ఉంటారు. ఇంకోటి, వారం మధ్యలో టీము నిజంగా ప్రాక్టీస్ చెయ్యకుండా ఊరికే నడుచుకుంటూ ఆటలు చూసుకుంటే, చేసి ఉంటే ఎంత చేసేవాడు అని అంచనా రాస్తారు. గురువారం మ్యాచ్ ఉన్న వారాల్లో ఇవి ఎక్కువ. అంచనా అంచనానే, దాన్ని నిజమైన ప్రాక్టీస్‌తో సమానంగా తూచకండి.

చివరి రోజు వచ్చే మూడు మాటలు

ప్రాక్టీస్ వారం ముగిసే రోజున, అంటే ఆదివారం మ్యాచ్‌కి శుక్రవారం, పేరుకి ఒక తుది మాట తగిలిస్తారు. అవుట్ అంటే ఆడడు, అంతే. డౌట్‌ఫుల్ అంటే ఆడే అవకాశం తక్కువ, దాన్ని అవుట్ కిందే లెక్కేసుకోండి. క్వశ్చనబుల్ అంటే ఆడొచ్చు, ఆడకపోవచ్చు. అసలు ఏ మాటా తగిలించలేదంటే ఆడతాడని.

2016కి ముందు నాలుగో మాట ఉండేది, ప్రాబబుల్ అని. అప్పట్లో ప్రాబబుల్ అంటే దాదాపు ఖాయంగా ఆడతాడని, క్వశ్చనబుల్‌కి నూటికి 50, డౌట్‌ఫుల్‌కి 25 అవకాశమని చెప్పేవారు. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ కోచ్ బిల్ బెలిచిక్ హయాంలో టామ్ బ్రేడీ పేరు భుజం, ప్రాబబుల్ అని ఏళ్ల తరబడి రిపోర్టులో ఉంటూనే ఉండేది, అతను ఆడుతూనే ఉండేవాడు. ప్రాబబుల్ అన్నవాళ్లంతా ఎలాగూ ఆడుతున్నారని ఆ మాటనే తీసేశారు. దాంతో ఏమైందంటే ఇవాళ క్వశ్చనబుల్ అనే ఒక్క గంపలో అందరూ పడుతున్నారు, చిన్న నొప్పి ఉన్నవాళ్లూ, నిజంగా సందేహంలో ఉన్నవాళ్లూ. కాబట్టి క్యూ కనపడగానే సగం సగం అనుకోకుండా వెనక్కి వెళ్లి మూడు రోజుల ప్రాక్టీస్ చూడండి. శుక్రవారం ఫుల్ చేసి క్వశ్చనబుల్ అయినవాడు వేరు, శుక్రవారం డీఎన్‌పీ చేసి క్వశ్చనబుల్ అయినవాడు వేరు.

ఈ రిపోర్టు ఎందుకు పుట్టిందో తెలిస్తే దాని పరిమితీ తెలుస్తుంది. 1946 ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌కి ముందు న్యూయార్క్ జెయింట్స్ ఆటగాళ్లు ఫ్రాంక్ ఫిల్‌చాక్, మెర్ల్ హేప్స్‌లకి ఒక జూదగాడు డబ్బు ఎర చూపాడు. అది పెద్ద రచ్చ అయ్యాక, మరుసటి ఏడాది కమిషనర్ బెర్ట్ బెల్ ఎవరికి దెబ్బ తగిలిందో టీములన్నీ బయటపెట్టాలని నియమం తెచ్చాడు, లోపలి కబురు అమ్ముకునే వీలు లేకుండా. అంటే ఇది డాక్టరు సర్టిఫికెట్ కాదు. పందేల వాళ్ల ముందు అందరికీ ఒకే సమాచారం ఉండాలని పెట్టిన కనీసపు కాగితం. కనీసం ఎంత చెప్పాలో అంతే చెబుతారు.

అది కూడా దాచితే జరిమానా ఉంది. 2008లో న్యూయార్క్ జెట్స్ బ్రెట్ ఫావ్ర్ భుజం సంగతి సరిగా చెప్పలేదని తర్వాతి ఏడాది టీముకి 75 వేల డాలర్లు, అప్పటి కోచ్‌కీ జనరల్ మేనేజర్‌కీ చెరి 25 వేలు వేశారు. 2023లో అట్లాంటా ఫాల్కన్స్ కొత్త కుర్రాడు బిజాన్ రాబిన్సన్ తలనొప్పితో ఒక మ్యాచ్‌లో దాదాపు ఆడనే లేదు, ముందు రిపోర్టులో ఒక్క మాట లేదు. టీముకి 75 వేలు, కోచ్ ఆర్థర్ స్మిత్‌కి 25 వేలు పడ్డాయి. అతన్ని ఆ వారం నమ్ముకున్న ఫ్యాంటసీ వాళ్లకి మాత్రం ఎవరూ ఏం ఇవ్వలేదు, ఆ బాధ నాకు బాగా తెలుసు.

శనివారం సాయంత్రం, ఆదివారం ఉదయం

చాలామంది శుక్రవారం రిపోర్టు చూసి ఊరుకుంటారు. శనివారం ఈస్టర్న్ టైమ్ ప్రకారం సాయంత్రం 4 గంటల దాకా టీములు మార్పులు చేసుకోవచ్చు, ఐఆర్ నుంచి ఒకరిని పైకి తేవచ్చు, ప్రాక్టీస్ స్క్వాడ్ నుంచి ఇద్దరిని ఎక్కించవచ్చు. ఇక్కడే చోటు సూత్రం పనిచేస్తుంది. మీ రన్నింగ్ బ్యాక్ క్వశ్చనబుల్ అనుకోండి, శనివారం సాయంత్రం టీము ప్రాక్టీస్ స్క్వాడ్ నుంచి ఇంకో రన్నింగ్ బ్యాక్‌ని పైకి తెచ్చిందనుకోండి, వాళ్లకి తెలిసిందేదో మీకూ చెప్పినట్టే. ఒక ఆటగాణ్ణి ఇలా తాత్కాలికంగా సీజన్‌లో మూడుసార్లే తేగలరు కాబట్టి ఊరికే ఎవరూ వాడరు.

తర్వాత మ్యాచ్‌కి 90 నిమిషాల ముందు ఇనాక్టివ్ జాబితా. దీని తర్వాత ఇంక సందేహానికి తావు లేదు. ఇందులో ఉన్నంత మాత్రాన దెబ్బ తగిలినట్టు కాదు, 48 మంది హద్దు ఉంది కాబట్టి ఆరోగ్యంగా ఉన్నవాళ్లని కూడా కొందరిని కూర్చోబెడతారు. ఒక క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) పేరు పక్కన అత్యవసర మూడో క్వార్టర్‌బ్యాక్ అని కనపడవచ్చు. 2023 జనవరి చివర్లో ఫిలడెల్ఫియాతో ఆడిన సెమీఫైనల్ లాంటి మ్యాచ్‌లో 49ఎర్స్‌కి బ్రాక్ పర్డీ మోచెయ్యి పోయి, తర్వాత జోష్ జాన్సన్‌కి తలకి దెబ్బ తగిలి, బంతి విసిరే మనిషే లేకుండా పోయాడు. ఆ తర్వాతే ఈ ఏర్పాటు వచ్చింది.

మ్యాచ్ నడుస్తుండగా టీవీలో తిరిగి రావడం క్వశ్చనబుల్ అని చెబుతారు చూడండి, అది ఆ మ్యాచ్ వరకే. వచ్చే వారం రిపోర్టుతో దానికి సంబంధం లేదు, ఆ మాట చూసి అర్ధరాత్రి ఎవరినీ వదిలెయ్యకండి.

ఐఆర్: ఇక్కడ కాస్త నిదానంగా చదవండి

ఐఆర్ అంటే ఇంజూర్డ్ రిజర్వ్. సీజన్ మధ్యలో ఇక్కడికి వెళ్లిన ఆటగాడు కనీసం 4 మ్యాచ్‌లు ఆడకూడదు. వారాలు కాదు, మ్యాచ్‌లు, టీముకి ఖాళీ వారం మధ్యలో వస్తే అది లెక్కలోకి రాదు. జీతం మామూలుగా వస్తూనే ఉంటుంది, 53లో చోటు మాత్రం ఖాళీ అవుతుంది. 2011 వరకు ఐఆర్ అంటే ఆ సీజన్‌కి సెలవే. 2012లో టీముకి ఒక్కరిని వెనక్కి తెచ్చుకోవచ్చన్నారు, తర్వాత ఇద్దరు, కోవిడ్ ఏడాది 3 మ్యాచ్‌లు చాలన్నారు, 2022 నుంచి 4 మ్యాచ్‌లు, టీముకి సీజన్‌లో మొత్తం 8 సార్లు వెనక్కి తెచ్చుకునే అవకాశం అని స్థిరపడింది. ఒకే ఆటగాణ్ణి రెండుసార్లు తేవచ్చు, అప్పుడు ఎనిమిదిలో రెండు ఖర్చవుతాయి. అందుకే డిసెంబరులో ఐఆర్ వార్త వస్తే, ఆ టీముకి ఇంకా ఎన్ని మిగిలాయో ఒకసారి చూడండి.

టీము ఎలా ఆలోచిస్తుందో చూడాలంటే మా ఊరి కథే చెబుతాను. మేముండే ఫ్రిస్కోలోనే డల్లాస్ కౌబాయ్స్ ప్రాక్టీస్ చేస్తారు, ఇక్కడ పిల్లల బడి నుంచి కిరాణా కొట్టు దాకా వాళ్ల మాటే. 2022 సెప్టెంబరు 11న మొదటి మ్యాచ్‌లోనే క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ బంతి విసురుతూ చెయ్యి ఎదుటి ఆటగాడికి తగిలి కుడి బొటనవేలు విరిగింది. మర్నాడు ఆపరేషన్. నెల దాటుతుందని అందరూ అంటున్నారు, ఐఆర్‌లో పెడతారనే అనుకున్నాం. ఓనర్ జెర్రీ జోన్స్ పెట్టం అన్నాడు. నాలుగు మ్యాచ్‌ల లోపే అతను తిరిగి రావొచ్చన్న ఆశ ఉంది, ఐఆర్‌లో పెడితే ఆ దారి మూసుకుపోతుంది. ఆ ఆశ కోసం 53లో ఒక చోటు ఖాళీగా మోశారు. చివరికి ప్రెస్కాట్ ఐదు మ్యాచ్‌లు ఆడలేదు, అక్టోబరు 23న డెట్రాయిట్ మీద తిరిగొచ్చాడు. ఆశ తప్పింది, అయితే మనలాంటి వాళ్లకి మాత్రం ఆ నిర్ణయంలోనే జవాబు ఉంది. ఐఆర్‌లో పెట్టలేదంటే నెల లోపు ఆశ ఉందని, కాబట్టి అతన్ని వదులుకోవద్దని. ఆ ఐదింట్లో నాలుగు కూపర్ రష్ గెలిపించాడు, అది ఇప్పటికీ ఇక్కడ ఇష్టంగా చెప్పుకునే సంగతి.

దీనికి ఇంకో వైపు మెకాఫ్రీనే. ఆ సోమవారం తర్వాత సెప్టెంబరు 14న అతన్ని ఐఆర్‌లో పెట్టారు. నాలుగు మ్యాచ్‌లే కదా అని నేను వేలు మడిచి లెక్కపెట్టుకున్నాను. అతను తిరిగొచ్చింది నవంబరు 10న, మొత్తం ఎనిమిది మ్యాచ్‌లు పోయాక. మళ్లీ డిసెంబరు మొదట్లో మోకాలికి దెబ్బ, మళ్లీ ఐఆర్. నాలుగు అన్నది అంతకు ముందు రాకూడదన్న హద్దు మాత్రమే, వచ్చే తేదీ కాదు. కండ, నరం పట్టిన గాయాలకి ఇది రెండింతలు నిజం.

తిరిగి రావడానికి ముందు ఒక గుర్తు కనపడుతుంది, దాని కోసం కాచుకోండి. టీము ఫలానా ఆటగాడికి ప్రాక్టీస్ గడువు తెరిచాం అని ప్రకటిస్తుంది. అక్కడి నుంచి 21 రోజులు. ఈ రోజుల్లో అతను టీముతో ప్రాక్టీస్ చెయ్యొచ్చు, 53 లెక్కలోకి రాడు, వారం రిపోర్టులో మళ్లీ పేరు కనపడటం మొదలవుతుంది. 21 రోజుల్లోపు పైకి తీసుకోకపోతే ఆ సీజన్‌కి ఇక రాలేడు. గడువు తెరిచారంటే ఆదివారం ఆడతాడని కాదు, కొందరు మొదటి వారమే ఆడతారు, కొందరు మూడు వారాలూ వాడుకుంటారు. 2023లో ఆరన్ రాడ్జర్స్ జెట్స్ తరఫున మొదటి మ్యాచ్‌లో నాలుగో ప్రయత్నానికే మడమ వెనక అకిలీస్ తెగి పడిపోయాడు. నవంబరు 29న గడువు తెరిచారు, సరిగ్గా 21వ రోజు డిసెంబరు 20న 53లోకి తీసుకున్నారు, అయినా ఆ సీజన్‌లో మళ్లీ ఒక్క ఆట ఆడలేదు. అతను ప్రాక్టీస్‌లో ఉండటం కోసమే తీసుకున్నారు. కాబట్టి గడువు తెరవడం ఒక మెట్టు, 53లోకి తీసుకోవడం ఇంకో మెట్టు, మైదానంలోకి దిగడం మూడోది.

ఆగస్టు వేరే లోకం

ఆగస్టులో టీముకి 90 మంది దాకా ఉంటారు, నెలాఖరుకి 53కి కోస్తారు. ఈ కోత రోజుకి ముందు ఐఆర్‌లో పెట్టిన ఆటగాడు మామూలుగా ఆ సీజన్‌కి పోయినట్టే. కోత రోజున పెట్టేవాళ్లలో ఇద్దరికి మాత్రం తిరిగొచ్చే వీలు ఉంచుకోవచ్చని 2024లో నియమం మార్చారు, ఆ ఇద్దరూ ఎనిమిది లెక్కలోంచే పోతారు. ఆగస్టులో డ్రాఫ్ట్ (ఫ్యాంటసీ టీముకి ఆటగాళ్ల ఎంపిక) చేసుకునేవాళ్లు ఈ తేదీ పట్టుకోవాలి. కోతకి వారం ముందు ఐఆర్, కోత మర్నాడు ఐఆర్, పేరు ఒకటే అయినా అర్థం పూర్తిగా వేరు.

పీయూపీ అనేది పాత గాయం ఇంకా మానకుండా సీజన్ ముందు జరిగే ట్రైనింగ్ క్యాంప్‌కి వచ్చినవాళ్లకి. క్యాంప్ సమయంలో ఈ జాబితాలో ఉన్నవాణ్ణి ఏ రోజైనా బయటికి తేవచ్చు, అది చూసి భయపడక్కర్లేదు. 2012లో మిన్నెసోటా రన్నింగ్ బ్యాక్ ఏడ్రియన్ పీటర్సన్ మోకాలి ఆపరేషన్ తర్వాత క్యాంప్‌లో ఇదే జాబితాలో ఉన్నాడు, ఆగస్టులో బయటికొచ్చి ఆ సీజన్‌లో 2,097 యార్డులు పరిగెత్తాడు. ఒక్కసారి క్యాంప్‌లో ప్రాక్టీస్ చేస్తే మళ్లీ ఈ జాబితాలో పెట్టడానికి లేదు, అందుకే టీములు ముందు జాగ్రత్తగా చాలామందిని ఇందులో పెట్టి మొదలుపెడతాయి. కోత రోజుకీ ఇందులోనే ఉండిపోతే మాత్రం మొదటి 4 మ్యాచ్‌లు పోతాయి, తర్వాత ఐఆర్‌కి ఉన్నట్టే 21 రోజుల గడువు. క్లీవ్‌లాండ్ నిక్ చబ్ 2024 సీజన్ ఇలాగే మొదలుపెట్టి అక్టోబరు 20న తిరిగొచ్చాడు.

ఎన్ఎఫ్ఐ అంటే ఫుట్‌బాల్ పనిలో కాకుండా బయట తగిలిన దెబ్బ లేదా జబ్బు. ఆట లెక్కలు పీయూపీ లాగే, డబ్బు లెక్క మాత్రం వేరు, ఈ జాబితాలో ఉన్నవాడికి టీము జీతం ఇవ్వకపోయినా అడిగే హక్కు ఉండదు. కాలేజీలో దెబ్బ తగిలి లీగ్‌లోకి వచ్చిన కుర్రాళ్లు ఇందులో ఉంటారు. డెట్రాయిట్ జేమ్సన్ విలియమ్స్ 2022లో కాలేజీ ఫైనల్‌లో మోకాలు పోగొట్టుకుని వచ్చి, డిసెంబరులో గానీ మొదటి మ్యాచ్ ఆడలేదు. నాకు మనసు కష్టపెట్టినది జువాన్ జేమ్స్ సంగతి. డెన్వర్ లైన్‌మన్, 2021 మేలో సొంతంగా కసరత్తు చేస్తుంటే అకిలీస్ తెగింది. చేసింది ఆట కోసమే, కానీ టీము స్థలంలో కాదు. ఎన్ఎఫ్ఐలో పెట్టారు, తర్వాత వదిలేశారు. ఏ గోడ లోపల పడ్డాడన్న దాన్ని బట్టి మనిషి జీతం ఉండటం, పోవడం జరగకూడదని నా గట్టి అభిప్రాయం.

వార్తల్లో ‘వేవ్డ్ ఇంజూర్డ్’ అన్న మాట కనపడితే, దెబ్బ తగిలిన చిన్న ఆటగాణ్ణి టీము వదిలిందని, వేరే ఎవరూ తీసుకోకపోతే అదే టీము ఐఆర్‌లోకి తిరిగొస్తాడని. కొన్ని వారాల జీతం మాట్లాడుకుని విడిపోవడమూ ఉంది. ఫ్యాంటసీలో ఈ పేర్లు మీకు పెద్దగా తగలవు.

తలకి దెబ్బ అయితే వేరే లెక్క

రిపోర్టులో కంకషన్ అన్న మాట ఉంటే పైన చెప్పిన అంచనాలన్నీ పక్కన పెట్టండి. ఇందులో కోచ్‌కి మాట లేదు. ఐదు మెట్లు ఉంటాయి: లక్షణాలు పెరగని మేరకి చిన్న పనులు, తర్వాత ఊపిరి పెంచే వ్యాయామం, తర్వాత ఆటకి సంబంధించిన కసరత్తు, ఆ తర్వాత ఎవరూ ఢీకొట్టని టీము ప్రాక్టీస్, చివర పూర్తి ప్రాక్టీస్. ఆఖరున టీముతో సంబంధం లేని నరాల డాక్టరు సరే అనాలి. దీనికి ఇన్ని రోజులని లేదు, ఒకరు వారంలో దిగుతారు, ఇంకొకరికి నెల పడుతుంది. అందుకని లిమిటెడ్, ఫుల్ చూసి సంబరపడకండి, డాక్టర్లు అనుమతించారు అన్న వార్త వచ్చేదాకా ఆడడనే అనుకోండి.

2022 సెప్టెంబరు 25న మయామి క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవా తల నేలకి కొట్టుకుని లేచి, రెండడుగులు వేసి తూలి పడబోయాడు. నడుము నొప్పి వల్ల అని చెప్పి అదే మ్యాచ్‌లో మళ్లీ దించారు. నాలుగు రోజులకే గురువారం రాత్రి సిన్సినాటిలో మళ్లీ నేలకేసి పడ్డాడు, ఈసారి వేళ్లు బిగుసుకుపోయి ముఖం ముందు ఆగిపోయాయి, స్ట్రెచర్ మీద ఆస్పత్రికి తీసుకెళ్లారు. మా ఇంట్లో టీవీ ముందు అందరం లేచి నిలబడిపోయాం. ఆ అక్టోబరులో లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి నియమం మార్చాయి: నడకలో, నిలబడటంలో తూలు కనపడితే కారణం ఏదైనా ఆ రోజుకి ఆట ముగిసినట్టే. టీవీలో ఎవరైనా దెబ్బ తగిలి తూలడం మీరు చూస్తే, ఆ రోజు అతను తిరిగి రాడు, రాకూడదు కూడా. అంతకన్నా భయపడిన రాత్రి 2023 జనవరి 2, బఫెలో ఆటగాడు డమార్ హామ్లిన్ గుండె ఆగి మైదానంలోనే పడిపోయినప్పుడు. నాలుగు రోజుల తర్వాత అతని పేరు పక్కన వచ్చింది కూడా మామూలు ఐఆర్ అన్న రెండు అక్షరాలే. మరుసటి సీజన్‌లో అతను తిరిగి ఆడాడు.

ఇక మీ ఫ్యాంటసీ టీములో చెయ్యాల్సింది

మీ లీగ్‌లో ఐఆర్ చోటు ఉంటే దానికీ ఎన్ఎఫ్ఎల్ ఐఆర్‌కీ పేరే ఒకటి. చాలా యాప్‌లలో అవుట్ అయినవాణ్ణి కూడా అందులో పెట్టొచ్చు, క్వశ్చనబుల్‌ని ఒప్పుకోవు, లీగ్ నడిపే మనిషి పెట్టిన సెట్టింగ్ మీద ఆధారపడుతుంది, సీజన్ మొదట్లోనే అడిగి తెలుసుకోండి. అవుట్ అని శుక్రవారం ప్రకటించగానే అతన్ని అక్కడికి మార్చి, ఖాళీ అయిన చోటులో అతని బదులు ఆడేవాణ్ణి తీసుకోండి. మంగళవారం కల్లా పేరు పక్కన ఓ పోతే, అతన్ని అక్కడి నుంచి తీసేదాకా కొత్తవాళ్లని తీసుకోనివ్వదు, బుధవారం పొద్దున కొత్తవాళ్లని తీసుకునే వేళకి ఇది అడ్డం పడి మంచి ఆటగాడు చేజారిన సందర్భాలు మా లీగ్‌లో బోలెడు.

ఆదివారం రాత్రికో సోమవారానికో ఆడే మనిషి క్వశ్చనబుల్ అయితే, అదే మ్యాచ్‌లోనో అంతకన్నా ఆలస్యంగా మొదలయ్యే మ్యాచ్‌లోనో ఆడే ఒకరిని బెంచీలో పెట్టుకోండి. వీలైతే అతని బదులు దిగేవాణ్ణే. నాకు ఆ సోమవారం కావాల్సింది ఇదొక్కటే. ఎవరినైనా ఫ్లెక్స్ చోటులో (ఏదో ఒక్క స్థానానికే కట్టుబడని చోటు) పెడుతున్నప్పుడు కూడా ఆలస్యంగా ఆడేవాణ్ణి అందులో ఉంచితే చివరి నిమిషంలో మార్చుకోవడానికి ఎక్కువమంది దొరుకుతారు.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఆడుతున్నవాళ్లు ఫోన్‌లో అలారం ఇలా పెట్టుకోండి. ఆదివారం మొదటి మ్యాచ్‌లు మనకి రాత్రి 10:30కి మొదలవుతాయి, ఇనాక్టివ్ జాబితా 9 గంటలకి వస్తుంది, భోజనాల వేళే. సాయంత్రం మ్యాచ్‌ల జాబితా సుమారు అర్ధరాత్రి దాటాక, ఆదివారం రాత్రి మ్యాచ్‌ది మనకి సోమవారం తెల్లవారుజామున 4:20కి. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు మారతాయి, ఆ రోజు నుంచి ఇవన్నీ ఒక గంట ఆలస్యంగా పెట్టుకోవాలి, 9 కాస్తా 10 అవుతుంది.